మట్టిలో మొలక: స్టూడియో సిరామిక్స్‌లో జీవరూపాలు

ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసేవారికి వస్తువులను వర్గాలుగా విభజించడం నిత్యకృత్యం. ఒక మట్టిపాత్ర మన ముందుకు వచ్చినప్పుడు కూడా మనం చేసే మొదటి పని అదే. నీళ్ళకో వంటకో పనికివస్తే అది గృహోపకరణం. గ్రామంలోని కుమ్మరి చేసి, పట్టణంలోని ప్రదర్శనశాలలో అమ్ముడుపోతే అది హస్తకళా వస్తువు. పేరున్న కళాకారుడు చేసి, అద్దాల బీరువాలోకి చేరితే అది కళాఖండం. ఈ మూడు వర్గాలకు మూడు రకాల ధరలు, మూడు రకాల గౌరవాలు ఉన్నాయి. మొదటి రెండింటి విషయంలో చేసినవారి పేరు వ్రాసి ఉంచవలసిన అవసరం కూడా మనకు తోచదు.

కొన్నేళ్ళ క్రితం ఒక అతిథిగృహానికి అలంకరణ వస్తువులను ఎంపిక చేసే సంఘంలో నేనొక సభ్యుణ్ణి. పరిశీలనకు వచ్చిన వాటిలో కూజా అంత పాత్ర ఒకటి ఉండేది. దాని ఒళ్ళంతా బొడిపెలే. అడుగున ఆవగింజంతగా మొదలై, కడుపు దగ్గర రేగుపండంత పెరిగి, మెడ దగ్గరకు వచ్చేసరికి అవి మళ్ళీ సన్నగిల్లేవి. ఆకుపచ్చని పూత బొడిపెల కొనల మీద పలచబడి గోధుమవన్నెకు తిరిగింది. "ఇందులో పూలు పెట్టగలమా? దీని మీది దుమ్ము ఎట్లా తుడుస్తారు?" అని అడిగిన సభ్యుణ్ణి నేనే. ప్రశ్న సబబైనదేనని అందరూ భావించారు. పాత్ర తిరిగి వెళ్ళిపోయింది.

ఆ తరువాత చాలాకాలానికి, శిక్షణ నిమిత్తం కోపెన్‌హేగెన్ వెళ్ళినప్పుడు అక్కడి డిజైన్ మ్యూజియంలో ఆక్సెల్ సాల్టో పాత్రల ముందు నిలబడే అవకాశం కలిగింది. నేను తిప్పిపంపిన పాత్ర ఏ వంశానికి చెందినదో అప్పుడు తెలిసివచ్చింది. ప్రకృతిలోని జీవరూపాల నుంచి ప్రేరణ పొందిన మృణ్మయ పాత్రలను ఏ కొలతతో చూడాలి, వాటిలో మంచిచెడ్డలను ఎట్లా నిర్ణయించాలి అన్న ప్రశ్న నన్ను అప్పటి నుంచి వదలలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం.

పోలిక వేరు, పెరుగుదల వేరు

ప్రకృతిని మట్టిలోకి తెచ్చే ప్రయత్నం కొత్తది కాదు. 16వ శతాబ్దపు ఫ్రాన్సులో బెర్నార్ పాలిసీ పెద్ద పళ్ళేల మీద పాములను, బల్లులను, చేపలను, ఆల్చిప్పలను, ఆకులను నిలిపాడు. నిజమైన ప్రాణుల నుంచే అచ్చులు తీసి, వాటికి సహజవర్ణాలను తలపించే గ్లేజులు పూశాడు. చూసినవారు ఉలిక్కిపడేంత పోలిక అందులో ఉంది. అయినా ఆ పళ్ళెం పళ్ళెంగానే మిగిలిపోతుంది. పాము దాని మీద పడుకుని ఉంటుంది. రెండింటి మధ్య ఇరుగుపొరుగు సంబంధమే తప్ప రక్తసంబంధం లేదు.

19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో యూరపు అంతటా వ్యాపించిన ఆర్ట్ నూవో ఉద్యమం తీగలను, కాడలను, రేకులను అలంకార భాషగా మార్చింది. కూజా పిడి తీగ అయింది, మూత మొగ్గ అయింది. అదే కాలంలో ఫ్రెంచి శిల్పి జాఁ కారియెస్ (1855–1894) మరొక దారి తొక్కాడు. 1878 నాటి పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో జపాను స్టోన్‌వేర్‌ను చూసి ప్రభావితుడైన ఆయన సొరకాయను, గుమ్మడికాయను తలపించే కుండలు చేశాడు. ఇక్కడ అలంకారం పైనుంచి తెచ్చి అతికించినది కాదు, కుండే కాయ అయింది. ఇది ఒక ముందడుగు. అయితే అప్పటికీ కొలత పోలికే. కాయను ఎరిగినవాడే ఆ కుండను పూర్తిగా ఆస్వాదించగలడు.

20వ శతాబ్దం తొలి భాగంలో చూపు మారింది. 1917లో డార్సీ థామ్సన్ ప్రచురించిన జీవశాస్త్ర గ్రంథం ప్రాణుల ఆకృతులను బలాల ఫలితంగా, పెరుగుదల వేగాల ఫలితంగా వివరించింది. 1928లో జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్డ్ మొక్కల చిగుళ్ళను, కాడలను, విత్తనపు కాయలను అనేక రెట్లు పెద్దవిగా చూపే ఛాయాచిత్రాల సంపుటిని వెలువరించాడు. ఆకు ఎట్లా ఉంది అన్న ప్రశ్న నుంచి ఆకు ఎట్లా ఆ రూపానికి వచ్చింది అన్న ప్రశ్నకు ఒక తరం మళ్ళింది. ఆక్సెల్ సాల్టోను ఈ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది.

చిత్రకారుడు కుండల దగ్గరకు రావడం

సాల్టో 1889లో కోపెన్‌హేగెన్‌లో జన్మించాడు. రాయల్ అకాడమీలో చిత్రకళ అభ్యసించాడు. 1916లో పారిస్ వెళ్ళి మతీస్, పికాసోలను కలుసుకున్నాడు. మరుసటి సంవత్సరం 'క్లింగెన్' అనే కళాపత్రికను ప్రారంభించి 1920 వరకు నడిపాడు. డెన్మార్కులో ఆధునిక కళను గురించిన చర్చకు అది ప్రధాన వేదిక అయింది. పుస్తకాల అట్టలకు వాడే అలంకార కాగితాలను, వస్త్రాల నమూనాలను కూడా ఆయన రూపొందించాడు. కుండ ఆయనకు కులవృత్తీ కాదు, తొలి విద్యా కాదు. 1920 దశకంలో బింగ్ అండ్ గ్రోండాల్ సంస్థకు పింగాణీ పాత్రలు రూపొందించడంతో ఆయన ఈ రంగంలో అడుగుపెట్టాడు. 1930 ప్రాంతంలో కార్ల్ హాలియర్, నథాలీ క్రెబ్స్ వంటి నిపుణులతో కలిసి స్టోన్‌వేర్ మీద పనిచేశాడు. అటుపిమ్మట 1775లో స్థాపితమైన రాయల్ కోపెన్‌హేగెన్ పింగాణీ కర్మాగారంలో 1961లో మరణించే వరకు కృషి కొనసాగించాడు. 1951లో మిలాన్ త్రైవార్షిక ప్రదర్శనలో ఆయనకు అత్యున్నత బహుమతి లభించింది.

సాల్టో పాత్రలను విమర్శకులు మూడు శైలులుగా చెబుతారు. చాళ్ళు తీరినవి, మొగ్గ తొడిగినవి, మొలకెత్తినవి. మొదటి రకంలో పాత్ర ఒళ్ళంతా నిలువు గాళ్ళు సాగి, ఉసిరికాయనో గుమ్మడికాయనో గుర్తుకు తెస్తాయి. రెండవ రకంలో గుండ్రని బొడిపెలు క్రమంగా పెరిగి, క్రమంగా తరుగుతాయి. మూడవ రకంలో బొడిపెలు కొనదేలి, గోడను చీల్చుకుని వచ్చే మొలకలవుతాయి. ఈ మూడింటినీ వేరువేరు అలంకారాలుగా కాక ఒకే జీవితంలోని మూడు దశలుగా చదవడం సమంజసం. లోపలి ఒత్తిడి మొదట చర్మాన్ని ముడతలు పెడుతుంది. తరువాత ఉబ్బిస్తుంది. చివరకు పగలదీసుకుని బయటికి వస్తుంది. 1949లో ప్రచురించిన తన పుస్తకానికి ఆయన ఈ మొలకెత్తే శైలి పేరే పెట్టుకున్నాడు. ప్రకృతి వెలుపలి రూపాన్ని తిరిగి చూపడం కంటే అది సృష్టించే పద్ధతిలో సృష్టించడమే కళాకారుని పని అని ఆయన అభిప్రాయం.

ఇది కేవలం సిద్ధాంతంగా మిగలకుండా కాపాడినది నిప్పు. స్టోన్‌వేర్ సుమారు 1250 నుంచి 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుతుంది. ఆ వేడికి గ్లేజు కరిగి, చిక్కని తేనెవలె నెమ్మదిగా కిందికి జారుతుంది. నునుపైన గోడ మీద అది ఆగే చోటు ఉండదు. బొడిపెలు, చాళ్ళు ఉన్న గోడ మీద మాత్రం ఎత్తుల మీద పలచబడి, పల్లాలలో గుమికూడుతుంది. పలచనైన చోట లోపలి మట్టి రంగు తొంగిచూస్తుంది. చిక్కనైన చోట రంగు ముదురుతుంది. గ్లేజులోని ఇనుము పాలు తక్కువగా ఉండి, ఆవంలో గాలి తక్కువైతే ఆకుపచ్చ వస్తుంది. ఇనుము పాలు పెరిగితే గోధుమ, నలుపు వర్ణాలు వస్తాయి. రాగి అదే పొగ మంటలో ఎర్రబారుతుంది. చైనాలో సుంగ్ రాజుల కాలం (960–1279) నాటి కుమ్మరులు పరిపూర్ణతకు తెచ్చిన ఈ విద్యను డేనిష్ కర్మాగారాలు శ్రద్ధగా అధ్యయనం చేశాయి. సాల్టో బొడిపెలు ఆ గ్లేజుకు పారే వాగులను, నిలిచే మడుగులను ఏర్పరచాయి. అంటే ఆకారం సగం పెరుగుదలను చూపితే, మిగిలిన సగాన్ని నిప్పే పూర్తి చేస్తుంది. ఎండుటాకు అంచు ముందుగా వన్నె మారినట్లు మొగ్గ కొన ముందుగా గోధుమవన్నెకు తిరుగుతుంది. చిత్రకారుడు కుంచెతో వేసిన రంగుకు ఈ గుణం ఉండదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవలసి ఉంది. ఇంత సజీవంగా కనిపించే ఈ రూపాలలో అనేకం నమూనా సంఖ్యలతో, అచ్చుల సాయంతో ఒకటికి మించిన ప్రతులుగా తయారైనవి. పాత్ర అడుగున సాల్టో పేరు, కర్మాగారపు మూడు అలల గుర్తు కనిపిస్తాయి. అచ్చు తీసినవారి పేరు, ఆవం కాచినవారి పేరు కనిపించవు. స్టూడియో సిరామిక్స్ అనగానే ఏకాంతంలో ఒక కళాకారుడు చేసినది అని మనం ఊహించుకుంటాము. చరిత్ర అంత సరళంగా లేదు. ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు పాత్రలు ఆవంలో రెండు తీరుల కాలి, రెండు వేరు ప్రాణులుగా వెలువడ్డాయి. ఒకే చెట్టు గింజల నుంచి మొలిచిన మొక్కల వంటివి అవి. కనుక సాల్టో కీర్తిని తగ్గించకుండానే, ఆ కీర్తిలో ఆవం దగ్గర నిలబడినవారికి కూడా భాగముందని చెప్పవచ్చు.

ముళ్ళు ఎక్కడ నిజం, ఎక్కడ వేషం

సాల్టోను పొగడడం సులభం. కాని విమర్శ అక్కడ ఆగరాదు. మన పనసకాయను ఒకసారి తలచుకుందాం. అది ఒకే కాయలాగా కనిపించినా, అనేక పువ్వులు కలిసి ఏర్పడినది. పైన కనిపించే ప్రతి ముల్లూ లోపలి ఒక పువ్వుకు గుర్తు. అందుకే ఆ ముళ్ళు ఎంత గరుకుగా ఉన్నా కృత్రిమమనిపించవు. బయటి ముల్లుకు లోపల కారణం ఉంది. సాల్టో మంచి పాత్రలలో ఈ కారణం కంటికి తెలుస్తుంది. కడుపు విశాలమైన చోట మొగ్గలు పెద్దవి, గోడ ఒదిగిన చోట చిన్నవి. పాత్ర ఊపిరి పీల్చుకుంటే మొగ్గలు కదులుతాయేమో అనిపిస్తుంది. ముఖ్యంగా మొగ్గ తొడిగిన శైలిలోని మధ్యమ పరిమాణపు పాత్రలలో బోలుతనం, గోడ, గ్లేజు మూడూ ఒకే మాట చెబుతాయి. నా దృష్టిలో ఆయన ప్రతిభకు శిఖరం అక్కడే.

మొలకెత్తిన శైలిలోని కొన్ని పెద్ద పాత్రల విషయంలో ఈ మాట చెప్పలేము. ముళ్ళు బాగా సాగి కొమ్ములవుతాయి. మూతి ఇరుకై దాదాపు కనుమరుగవుతుంది. లోపలి ఖాళీతో కొమ్ములకు సంబంధం తెగిపోతుంది. అప్పుడది పాత్రగా కాక ఒక గదగానో, కిరీటంగానో నిలబడుతుంది. సాల్టోకు గ్రీకు పురాణంలోని ఆక్టియోన్ కథ ఎంతో ఇష్టం. దేవతను చూడరాని సమయంలో చూసి శాపానికి గురైన ఆ వేటగాడు జింకగా మారతాడు. నుదుటి నుంచి కొమ్ములు మొలుస్తాయి. తన కుక్కలే తనను చీల్చివేస్తాయి. ఈ ఘట్టాన్ని సాల్టో పదేపదే చిత్రించాడు. పెరుగుదల ఎల్లప్పుడూ శుభప్రదం కాదని, అది బాధ కూడా కావచ్చునని ఆ బొమ్మలు తెలుపుతాయి. 1940 నుంచి 1945 వరకు పరదేశ సేనల ఆక్రమణలో ఉన్న దేశంలో పనిచేసిన కళాకారునికి ఈ ఎరుక అవసరమైనదే. అయితే కథలో కొమ్ములకు ఉన్న భయంకరమైన న్యాయం ఆ పెద్ద పాత్రలన్నిటిలోనూ లేదు. కొన్నిటిలో అవి చూపరిని ఆశ్చర్యపరచడానికి మాత్రమే పెరిగాయి. ముల్లు వేషమైన చోట, పాలిసీ పళ్ళెంలోని పాము మళ్ళీ తిరిగి వచ్చినట్లే.

దీనిని బట్టి ఒక సూత్రం ఏర్పడుతుంది. జీవరూపం ఉన్న పాత్రకు కొలత దేనిని పోలి ఉంది అన్నది కాదు. దాని రూపం తన లోపలి ఖాళీ నుంచి పుట్టిందా, నిప్పు అందులో పాలు పంచుకుందా అన్నదే కొలత.

మన ఘటం, మన మాట

ఈ సూత్రాన్ని డెన్మార్కు నుంచి అరువు తెచ్చుకోవలసిన అవసరం మనకు ఉన్నదా అని పాఠకులు అడగవచ్చు. సాల్టోకు భారతీయ శిల్పంతో సంబంధం ఉన్నదని నేను అనడం లేదు. ఆయన దృష్టి నిలిచిన తూర్పు చైనా, జపానులదే. కాని ఆయన పాత్రలను చూసి వచ్చిన తరువాత మన ఇంటి వస్తువులు నాకు కొత్తగా కనిపించాయి.

తెలుగులో కుండకు మూతి ఉంది, మెడ ఉంది, కడుపు ఉంది. కుండను గురించి మాట్లాడాలంటే దేహాన్ని గురించి మాట్లాడక తప్పదు. మన కుమ్మరి సారె మీద లేపిన కుండకు లోపల రాయి ఆనించి, బయటి నుంచి చెక్కతో తట్టి కడుపు పెంచుతాడు. లోపలి నుంచి ఒత్తిడి, బయటి నుంచి అదుపు. కాయ పెరిగే పద్ధతి కూడా ఇదే కదా. ఎండిన సొరబుర్రను నీళ్ళకు వాడిన సమాజానికి కాయకు, పాత్రకు మధ్య గీత గీయవలసిన అవసరం కలుగలేదు. 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యుల కాలంలో వెలసిన అలంపురం నవబ్రహ్మ ఆలయాల శిఖరాల మీద చాళ్ళు తీరిన గుండ్రని శిల ఉంటుంది. దాని పేరు ఆమలకం, అంటే ఉసిరిక. శిలను కాయగా, శిఖరాన్ని పెరిగే వస్తువుగా చూసిన చూపు అది.

అన్నిటికంటె గొప్ప నిదర్శనం అమరావతి స్తూపపు ఫలకాల మీది పూర్ణఘటం. నిండు కడుపు గల కుండ, దాని మూతి నుంచి ఎగసే తామరలు. విచ్చినవి కొన్ని, విచ్చుతున్నవి కొన్ని, మొగ్గలు కొన్ని. ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మధ్యలో ఉన్నది ఈ ఘటమే. ప్రభుత్వ లేఖల మీద దానిని నిత్యం చూసే మనం, అది జీవరూపాన్ని గురించిన ఒక సంపూర్ణమైన ఆలోచన అని గుర్తించము. ఇక్కడ కుండ గోడ ప్రశాంతంగా ఉంటుంది. జీవం మూతి నుంచి వెలువడుతుంది. గర్భం చెక్కుచెదరకుండానే ప్రసవం జరుగుతుంది. సాల్టో పాత్రలో మూతి కాదు, గోడే మొలకెత్తుతుంది. అమరావతి శిల్పి సమృద్ధిని చూపాడు. సాల్టో సమృద్ధికి చెల్లించే మూల్యాన్ని చూపాడు. రెండూ ఒకే సత్యానికి రెండు ముఖాలు. కాని రెండింటికీ మూలం ఒకటే. కుండ లోపలి ఖాళీ వట్టిది కాదన్న విశ్వాసం అది.

విచ్చని మొగ్గ

ఆధునిక భారతదేశంలో స్టూడియో కుండల కళకు దారి తీసినవారిలో సర్దార్ గురుచరణ్ సింగ్ (1898–1995) ముఖ్యుడు. 1919లో జపాను వెళ్ళి, అక్కడ బెర్నార్డ్ లీచ్, హమాదా వంటివారి పరిచయం పొంది తిరిగి వచ్చిన ఆయన 1952లో ఢిల్లీ బ్లూ పాటరీని నెలకొల్పాడు. నిత్యజీవితంలో వాడుకునే పాత్రకు గౌరవం కలిగించడం ఆయన ఆశయం. శాంతినికేతనంలో చదివి, సేవాగ్రామంలో పనిచేసిన దేవీప్రసాద్ (1921–2011) కూడా ఉపయోగాన్నే నీతిగా భావించాడు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో ఈ నీతి అవసరమైనది. కాని దాని నీడలో ఒక అపోహ పెరిగింది. ఉపయోగపడని కుండ విలాసమనీ, ఆడంబరమనీ అనుకోవడం మనకు అలవాటయింది. అతిథిగృహపు ఎంపిక సంఘంలో నేను వేసిన ప్రశ్నకు మూలం ఆ అపోహే.

దీనికి వాదనతో కాక తన కృషితో సమాధానం చెప్పిన కళాకారిణి జ్యోత్స్నా భట్. 1940లో కచ్‌లో జన్మించిన ఆమె బరోడాలో శంఖో చౌధురి వద్ద శిల్పం అభ్యసించారు. 1960 దశకంలో బ్రూక్లిన్‌లో సిరామిక్స్ నేర్చుకున్నారు. బరోడా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు బోధించి 2002లో పదవీ విరమణ చేశారు. 2020లో మరణించారు. పిల్లులు, పక్షులు, తామరమొగ్గలు, పళ్ళేలు, గిన్నెలు ఆమె లోకం. మెరుపు తగ్గిన నీలి, ఆకుపచ్చ పూతలు ఆమెకు ఇష్టమైనవి. పరిమాణంలో ఆమె ఆర్భాటానికి పోలేదు.

ఆమె తామరమొగ్గను సాల్టో పాత్ర పక్కన ఊహించి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. రేకులను ఆమె ఒక్కొక్కటిగా చెక్కి చూపించరు. ఒక మడత, ఒక గీత, కొన దగ్గర స్వల్పమైన ఒదుగు, అంతే. మిగిలినదంతా ఉబ్బిన గోడ చెబుతుంది. సాల్టో మొగ్గలు వందలుగా వెలికి వస్తాయి. జ్యోత్స్నా భట్ మొగ్గ ఒక్కటే, అది విచ్చుకోదు. పూర్ణఘటంలో జీవం మూతి నుంచి వెలువడింది. సాల్టోలో గోడ నుంచి వెలువడింది. ఇక్కడ వెలువడకుండా, వెలువడబోయే క్షణంలో నిలిచి ఉంది. చూసేవారు దానిని పూర్తి చేయాలి. పోలిక కోసం చేసిన తామర అయితే ఒక్క చూపుతో అయిపోతుంది. పెరుగుదలను దాచుకున్న మొగ్గను మళ్ళీ మళ్ళీ చూడవలసి ఉంటుంది.

ఆమె పిల్లులను గురించి కూడా ఇదే చెప్పవచ్చు. ముడుచుకుని పడుకున్న పిల్లి నిజానికి మూతిలేని కుండ. వీపు వంపు కుండ కడుపు వంపే. జంతువును పాత్ర మీద పెట్టిన పాలిసీకి, జంతువులోనే పాత్రను చూసిన ఈమెకు మధ్య నాలుగు వందల ఏళ్ళ దూరం ఉంది. సున్నితమైన హాస్యం వల్ల ఆమె పనిని కొందరు బొమ్మలుగా తేలికగా చూశారు. గంభీరమైన వస్తువే గొప్ప కళ అనుకునే మన అలవాటుకు అది మరొక ఉదాహరణ. ఆమె లోపం అని చెప్పదగినది ఏదైనా ఉంటే, అది ఆ సంయమనమే కావచ్చు. సాల్టోలోని భయం, బాధ ఆమె మట్టిలోకి రాలేదు. కాని ప్రతి మొక్కా ముల్లు మొలిపించనక్కరలేదు.

వర్గీకరణకు అవతల

ఈ చర్చ కళాప్రియులకు పరిమితమైనది కాదు. మ్యూజియాలకు వస్తువులు కొనేవారు, ప్రదర్శనలకు ఎంపిక చేసేవారు, పట్టికలలో పేర్లు వ్రాసేవారు అధికారులే. ఒక పాత్రను హస్తకళ అని వ్రాసినప్పుడు దాని ధర మట్టికి, కట్టెలకు, కూలికి కుదించుకుపోతుంది. చేసినవారి పేరు జిల్లా పేరులో కలిసిపోతుంది. కళాఖండం అని వ్రాసినప్పుడు ఒక్కరి పేరు మిగిలి, ఆవం దగ్గర నిలబడినవారి పేర్లు చెరిగిపోతాయి. 2024లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్‌లో ఎడ్మండ్ డి వాల్ అనే ప్రసిద్ధ కుండల కళాకారుడు సాల్టో కృతులను తన కృతులతో కలిపి ప్రదర్శించాడు. మరణించిన అరవై ఏళ్ళ తరువాత కూడా ఒక కళాకారుణ్ణి మరొక కళాకారుడు చదువుకుంటున్నాడన్నమాట. మన జ్యోత్స్నా భట్‌ను, మన గ్రామ కుమ్మరులను అట్లా చదువుకోవడానికి ముందుగా వారి పాత్రలు, పేర్లు ఒకచోట భద్రంగా ఉండాలి.

కనుక ఎంపిక చేసే స్థానంలో ఉన్నవారికి నేను చేసే విన్నపం చిన్నది. పాత్ర ఎందుకు పనికివస్తుంది, దేనిని పోలి ఉంది అన్న ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టాలి. దాని రూపం లోపలి నుంచి వచ్చిందా, పైనుంచి అతికించారా? గ్లేజు ఆకారాన్ని అనుసరించిందా, కప్పివేసిందా? బొడిపెలు తీసివేసినా ఆ కుండ నిలబడుతుందా? ఈ మూడు ప్రశ్నలు అడగాలి. సాధ్యమైనప్పుడల్లా చేతిలోకి తీసుకోవాలి. అద్దాల బీరువాలోని సాల్టో పాత్రను నేను ముట్టుకోలేకపోయాను. ఆనాడు బల్లమీద నా చేతికి అందేంత దూరంలో ఉన్న పాత్రను ముట్టుకోవాలని నాకు తోచనే లేదు. రెండవదే పెద్ద నష్టం.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. దుమ్మును గురించి నేను వేసిన ప్రశ్న అటువంటి పెట్టే. దుమ్ము మెత్తని కుంచెతో పోతుంది. ఆ మాట సంఘంలో ఎవరైనా చెప్పి ఉండవలసింది. ముందుగా నేనే చెప్పి ఉండవలసింది.